బురదలో బలం, డిక్కీలో ఇరుకు: ఐదు తలుపుల జిమ్నీ ఇంటి బండిగా ఎంతవరకు?

సంక్రాంతికి ఊరెళ్లే కారును బయలుదేరే ముందు చూస్తే ఆ ఇంటికి ఎలాంటి బండి కావాలో సగం తెలిసిపోతుంది. వెళ్లేటప్పుడు రెండు పెద్ద సూట్‌కేసులు, పిల్లల బ్యాగులు, కొత్తబట్టల సంచులు. తిరిగొచ్చేటప్పుడు వాటికి తోడు పాతిక కిలోల బియ్యం బస్తా, అరిసెల డబ్బా, జంతికల డబ్బా, గోనెసంచిలో కొబ్బరికాయలు. మిగతా సగం ఊళ్లోకి వెళ్లాక తెలుస్తుంది. తారురోడ్డు అయిపోయిన చోటు నుంచి పొలం దాకా ఉన్న డొంకలో, ట్రాక్టర్లు తిరిగి తిరిగి పడిన గాడుల మీద కారు అడుగు రాసుకుంటుందా, రాసుకోకుండా దాటుతుందా అన్నది అక్కడ తేలుతుంది.

ఈ రెండు పనులూ ఒకే కారు చేయాలనుకునేవాళ్ల చూపు ముందుగా పడే బండ్లలో ఐదు తలుపుల మారుతి సుజుకి జిమ్నీ ఒకటి. 2023 జనవరిలో ఆటో ఎక్స్‌పోలో చూపించి, అదే ఏడాది జూన్‌లో 12.74 లక్షల ఎక్స్‌షోరూమ్ ధరతో అమ్మకం మొదలుపెట్టారు. గురుగ్రామ్‌లో తయారయ్యే ఈ కారునే 2025 జనవరిలో జిమ్నీ నోమేడ్ పేరుతో జపాన్‌లో విడుదల చేస్తే నాలుగు రోజుల్లోనే దాదాపు 50,000 బుకింగులు వచ్చాయి. కొత్త ఆర్డర్లు తీసుకోవడం ఆపేయాల్సి వచ్చింది. మన దగ్గర అంత ఊపు కనిపించలేదు. దానికి ధర ఒక్కటే కారణం అనుకోవడం తొందరపాటు. అసలు కారణం బండి కొలతల్లోనే ఉంది. ఈ కారును బురదలో గెలిపించే లక్షణాలు ఒక్కొక్కటీ డిక్కీలోనో, వెనక సీట్లోనో, హైవే మీదో తమ ఖరీదు వసూలు చేసుకుంటాయి. ఆ లెక్క చూడకుండా కొన్నవాళ్లకు నిరాశ, చూసుకుని కొన్నవాళ్లకు ఏళ్ల తరబడి సంతోషం.

ముందు కొలతలు. పొడవు 3985 మిల్లీమీటర్లు, వెడల్పు 1645, ఎత్తు 1720. నాలుగు మీటర్ల లోపు ఉంది కదా, పన్ను తక్కువేమో అనుకోవద్దు. చిన్న పెట్రోలు కార్లకు తక్కువ జీఎస్టీ రావాలంటే పొడవు ఒక్కటీ సరిపోదు, ఇంజిన్ కూడా 1200 సీసీ దాటకూడదు. జిమ్నీ ఇంజిన్ 1462 సీసీ. అందుకే 2025 సెప్టెంబరు 22 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త రేట్లలో కూడా ఇది 18 శాతంలో కాకుండా 40 శాతంలోనే పడింది. అంటే ఈ పొట్టితనం కొనేవారి జేబుకు ఏమీ మిగల్చదు. దాని లాభమంతా గతుకుల దారిలోనే.

మూడు తలుపుల జిమ్నీకి ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2250 మిల్లీమీటర్లు. ఐదు తలుపులు చేయడానికి దాన్ని 340 మిల్లీమీటర్లు పెంచి 2590 చేశారు. దాంతో వెనక తలుపులు వచ్చాయి, వెనక కూర్చున్నవారికి కాళ్లు చాపుకునే చోటు వచ్చింది, 85 లీటర్ల డిక్కీ 208 లీటర్లయింది. కానీ దిబ్బ ఎక్కి దిగేటప్పుడు కారు నడుం నేలకు తగలకుండా దాటగల కోణం 28 డిగ్రీల నుంచి 24కు పడిపోయింది. ముందు బంపరు 36 డిగ్రీల వాలునూ, వెనక బంపరు 50 డిగ్రీల వాలునూ తగలకుండా దాటగలవు. ఒడ్డు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ బేఫికర్. జాగ్రత్త పడాల్సింది మధ్యలోనే. కాలువ గట్టు మీదుగా అడ్డంగా ఎక్కించి దింపితే ముందు తగిలేది నడుమే. కుటుంబం కోసం చేసిన మార్పు బండి సత్తాలో కొంత కోసుకుపోయిందన్నమాట. అయినా ఈ ధరలో దొరికే మామూలు ఎస్‌యూవీలతో పోలిస్తే జిమ్నీ చాలా ముందుంది.

ఇక ఇంట్లోవాళ్ల సంగతి. ఇది నలుగురి కారు. ఐదో మనిషికి సీటు లేదు, బెల్టు లేదు. అమ్మానాన్న, ఇద్దరు పిల్లలు అయితే సరిగ్గా సరిపోతుంది. నాయనమ్మ కూడా వస్తే మాత్రం ఎవరో ఒకరు బస్సెక్కాలి. చిన్నపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుందాంలే అనేది మన ఇళ్లలో మామూలు మాటే కానీ, ఆ ఆలోచనే వద్దు. గట్టిగా బ్రేకు వేస్తే ఒళ్లో ఉన్న పాపను పట్టుకోవడం ఎవరి చేతులవల్లా కాదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఇంకో ఇబ్బంది ఉంది. బండి లారీలాగా ఇనుప ఫ్రేము మీద కూర్చుని ఉంటుంది కాబట్టి లోపలి నేల ఎత్తు. వెనక తలుపు సందు వెడల్పు తక్కువ. పైనున్న హ్యాండిల్ పట్టుకుని, ఒక కాలు లోపల పెట్టి, నడుం తిప్పి కూర్చోవాలి. ముప్పై ఏళ్ల మనిషి దీన్ని గమనించడు. డెబ్బై ఏళ్ల మనిషికి ప్రతి టీ బ్రేకులోనూ ఇదొక పని.

డిక్కీ 208 లీటర్లు. ఈ అంకె విడిగా చూస్తే పెద్దగా అర్థం కాదు. అదే కంపెనీ చిన్న కారు వ్యాగన్ఆర్ డిక్కీ 341 లీటర్లు. జిమ్నీ వెనక సీట్లు మడిచేసినా వచ్చేది 332 లీటర్లే. అంటే వెనక ఎవరూ కూర్చోకపోయినా వ్యాగన్ఆర్ డిక్కీ అంత చోటు రాదు. నలుగురు కూర్చుంటే చేతి బ్యాగు సైజు పెట్టెలు రెండూ, పైన ఒక మెత్తటి సంచీ పడతాయి. సంక్రాంతి సామాను పట్టదు. స్టెప్నీ వెనక తలుపుకు బిగించి ఉంటుంది, ఆ తలుపు పక్కకు తెరుచుకుంటుంది. ఇంటి ముందు గోడకు ఆనించి పార్క్ చేసేవాళ్లు సామాను దించాలంటే కారును ముందుకు జరపాల్సిందే.

చోటు చాలకపోతే పైన క్యారియర్ వేయించుకుంటాం అంటారు. అప్పుడు బరువు చూసుకోవాలి. ఆటోమేటిక్ మోడల్ ఖాళీ బరువు 1210 కిలోలు. మనుషులు, సామానుతో కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు 1545 కిలోలు. తేడా 335 కిలోలు. సగటున డెబ్బై కిలోల చొప్పున నలుగురు పెద్దవాళ్లు ఎక్కితే 280 అయిపోయింది. మిగిలిన 55 కిలోల్లోనే క్యారియర్, పెట్టెలు, బియ్యం బస్తా, అన్నీ. పైగా ఎత్తున్న సన్నటి బండికి నెత్తిన బరువు పెడితే మలుపుల్లో ఊగిసలాట పెరుగుతుంది. బరువైన సామాను పైన కాకుండా కింద, సీటు వీపుకు ఆనించి పెట్టుకోవడమే మేలు.

ఇంతవరకు చదివినవాళ్లకు ఈ కారు ఎందుకు అన్న అనుమానం వస్తుంది. దానికి జవాబు షోరూంలో కనపడదు, డొంకలో కనపడుతుంది.

డొంకకు అడ్డంగా పంట కాలువ తవ్వి ఉందనుకోండి. కారు దాన్ని ఏటవాలుగా దాటుతోంది. ముందు ఎడమ చక్రం కాలువలోకి వేలాడుతుంది, వెనక కుడి చక్రం గాల్లోకి లేస్తుంది. మామూలు కారుకు ఇక్కడే పని అయిపోతుంది. ఇరుసు మధ్యలో ఉండి రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల అమరికను డిఫరెన్షియల్ అంటారు. దాని స్వభావం ఎప్పుడూ తేలికగా తిరిగే చక్రం వైపే శక్తిని వదలడం. వేలాడే చక్రం గిర్రున తిరుగుతుంది, నేల మీదున్నది కదలదు. జిమ్నీలో నాలుగు చక్రాలకూ శక్తి పంపే ఫోర్ వీల్ లీవరు వేసి ఉంటే ముందు, వెనక ఇరుసులు రెండూ కలిసే తిరుగుతాయి. ఊరికే తిరిగే చక్రాన్ని కంప్యూటరు గుర్తుపట్టి దాని ఒక్కదానికే బ్రేకు వేస్తుంది. కింద టకటకమని చప్పుడు వస్తుంది. కొత్తవాళ్లు ఏదో విరిగిందని భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తారు, బండి ఆగిపోతుంది. కాలు కదపకుండా, ఎక్కువ తొక్కకుండా, ఒకటి రెండు సెకన్లు అలాగే పట్టి ఉంచాలి. పట్టు దొరికిన చక్రానికి శక్తి మళ్లి, బండి కొంచెం కుదుపుతో, నడిచినంత నిదానంగా బయటికి వస్తుంది. ఈ రెండు సెకన్ల ఓపికే ఈ కారులో నేర్చుకోవాల్సిన అసలు విద్య.

ఇందులో ఇరుసుల పాత్ర కూడా ఉంది. ముందూ వెనకా రెండూ ఎడ్లబండి ఇరుసుల్లా ఒకే గట్టి కడ్డీలు. ఒక పక్క చక్రం రాయెక్కితే రెండో పక్క చక్రం కిందికి నొక్కుకుంటుంది, నేల వదలదు. ఇంకో లాభం గురించి చాలామంది మాట్లాడరు. జిమ్నీ గ్రౌండ్ క్లియరెన్సు, అంటే నేల నుంచి బండి అడుగుకున్న ఎత్తు, 210 మిల్లీమీటర్లు. అన్నిటికన్నా కిందికి ఉండేది ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్ గుండు. అది చక్రాలతోపాటే ఉంటుంది కాబట్టి నలుగురు ఎక్కినా దాని ఎత్తు తగ్గదు. మామూలు ఎస్‌యూవీల్లో మనుషులు, సామాను ఎక్కేకొద్దీ స్ప్రింగులు కుంగి, అడుగు మొత్తం నేలకు దగ్గరవుతుంది. బ్రోచరులో అంకె ఒకటే ఉన్నా, పండగ సామానుతో డొంకలోకి దిగినప్పుడు రెండు బండ్లూ ఒకటి కావు. జిమ్నీలోనూ బరువుకు నడుం కాస్త దిగుతుంది కానీ ఇరుసు దిగదు.

తారురోడ్డు మీద ఆ ఇరుసులే అంత సుఖం ఇవ్వవు. ఒక పక్క గుంట తగిలితే కుదుపు రెండో పక్కకూ పాకుతుంది. వెనక కూర్చున్నవారి తలలు కుడికీ ఎడమకూ ఊగుతాయి. కారెక్కితే వాంతులయ్యే పిల్లలున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు.

ఫోర్ వీల్ లీవరు వాడకం తెలియక పాడు చేసుకునేవారూ ఉంటారు. లీవరును టూ హై అనే చోట పెట్టేది మామూలు ప్రయాణానికి. అప్పుడు వెనక చక్రాలే లాగుతాయి. ఫోర్ హై బురదకు, ఇసుకకు. ఫోర్ లో గేరు వేగాన్ని దాదాపు సగానికి దించి, లాగే బలాన్ని అంతకంత పెంచుతుంది. దాన్ని వేయాలంటే బండి పూర్తిగా ఆపాలి. ముందు, వెనక ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి పొడి తారురోడ్డు మీద ఫోర్ హై వేసి మలుపు తిప్పకూడదు. మలుపులో ముందు చక్రాలు తిరిగే దూరం ఎక్కువ, వెనకవి తక్కువ. ఆ తేడా పోవడానికి దారి లేక స్టీరింగు బిగుసుకుంటుంది, టైర్లు రాసుకుంటాయి, లోపలి గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. మట్టిలో అయితే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది. అరకు, పాడేరు, మారేడుమిల్లి ఘాట్ రోడ్లకు ఫోర్ వీల్ డ్రైవ్ తప్పనిసరి అన్న నమ్మకం ఒకటి ఉంది. అవి తారురోడ్లు. వాటికి కావాల్సింది మంచి బ్రేకులు, దిగేటప్పుడు తక్కువ గేరు, నిద్రమత్తు లేని కళ్లు.

మరి మన నేలల్లో ఫోర్ వీల్ అవసరం ఎక్కడ? ఎర్రనేలలో, చెల్కల్లో వాన వెలిసిన కాసేపటికి నీళ్లు ఇంకిపోతాయి. ఎత్తున్న మామూలు కారు, అలవాటున్న చేయి ఉంటే అక్కడ చాలావరకు పని జరిగిపోతుంది. నల్లరేగడి దారి వేరు. కర్నూలు, ఆదిలాబాద్ వైపు వానాకాలంలో పొలాల్లోకి వెళ్లేవాళ్లకు దాని సంగతి చెప్పక్కర్లేదు. తడిసిన రేగడి బంకలా టైరు పళ్లలోకి ఎక్కి కూర్చుంటుంది. పది గజాలు పోయేసరికి టైరు గుండ్రాయిలా నున్నగా తయారవుతుంది. జిమ్నీతో వచ్చే 195 సైజు టైర్లు హైవే రకానివి. వాటితో రేగడిలోకి దిగితే నాలుగు చక్రాలు లాగినా నాలుగూ జారతాయి. ఇక్కడ ఈ కారును కాపాడేది దాని తక్కువ బరువు. రెండు టన్నులకు దగ్గరగా ఉండే బండి దిగబడే చోట పన్నెండు వందల కిలోల బండి తేలిగ్గా దాటే అవకాశం ఎక్కువ. రేగడి పొలం నిజంగా ఉన్నవాళ్లు లోతైన పళ్ల ఆల్ టెరైన్ టైర్ల మీద డబ్బు పెట్టడం న్యాయం. మైలేజీ కాస్త తగ్గుతుంది, చప్పుడు పెరుగుతుంది, అయినా పనికొస్తాయి. ఒక్క సంగతి మాత్రం ఏ టైర్లతోనూ మారదు. ఫోర్ వీల్ డ్రైవ్ ముందుకు లాగడానికే, ఆపడానికి కాదు. జారే నేలలో బ్రేకు వేస్తే ఇదీ అన్ని కార్లలాగే జారుతుంది.

భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగేవాళ్లకు జిమ్నీ సన్నదనం వరం. ఒక పక్క చెరువు, రెండో పక్క కాలువ, మధ్యలో మినీ లారీ పట్టేంత గట్టు. ఎదురుగా మేత బస్తాలతో ఆటో వస్తే ఒకరు ఒరిగి నిలబడాలి. అక్కడ 1645 మిల్లీమీటర్ల కారుకూ, 1870 మిల్లీమీటర్ల మహీంద్రా థార్ రాక్స్‌కూ మధ్య తొమ్మిది అంగుళాల తేడా చాలా పెద్దది. వాన పడిన గట్టు అంచున ఆ తొమ్మిది అంగుళాలే గుండె దడను తగ్గిస్తాయి.

నీళ్ల విషయంలో మాత్రం ఈ తేలికదనం శత్రువు. చప్టాల మీద వాగు పొంగుతుంటే ఫోర్ వీల్ ఉంది కదా అని దిగేవాళ్లున్నారు. కారు అడుగు భాగం వైశాల్యం దాదాపు ఐదు చదరపు మీటర్లు. నీళ్లు ఆ అడుగును తాకిన తర్వాత పైకి లేచే ప్రతి పది సెంటీమీటర్లకూ కారును సుమారు అరటన్ను బలంతో పైకి ఎత్తుతాయి. పన్నెండు వందల కిలోల బండికి పాతిక సెంటీమీటర్లు చాలు, చక్రాల పట్టు మొత్తం పోతుంది. ఆ తర్వాత అది కారు కాదు, తెప్ప. ప్రవాహం ఎటు నెడితే అటు పోతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఖమ్మం మునిగింది, అదే వానకు మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు వాగు కారును లాక్కెళ్లి ప్రాణాలు తీసింది. చప్టా కనిపించనంతగా నీళ్లు పారుతుంటే వెనక్కి తిప్పుకోవడం ఒక్కటే దారి. ఏ బండికైనా అంతే.

హైవే గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. 105 హార్స్‌పవర్, 134 న్యూటన్ మీటర్ల టార్క్, టర్బో లేని ఇంజిన్. హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా వందలోపు వేగంతో హాయిగా వెళ్తుంది. నలుగురు, సామానుతో లారీని దాటాలంటే ముందే గేరు దించి చూసుకోవాలి. ఆటోమేటిక్‌కు ఉన్నవి నాలుగు గేర్లే, ఇంజిన్ అరుపు ఎక్కువ వినిపిస్తుంది. పెట్టెలాంటి ఆకారం వల్ల గాలి హోరు, పక్కగాలికి చిన్న ఊపు తప్పవు. స్టీరింగు పాతకాలపు రకం. రాళ్లలో చక్రం కొట్టిన దెబ్బ చేతికి రాకుండా కాపాడుతుంది కానీ, తిప్పాక తనంతట తాను త్వరగా సరికాదు. కంపెనీ చెప్పే మైలేజీ మాన్యువల్‌కు లీటరుకు 16.94 కిలోమీటర్లు, ఆటోమేటిక్‌కు 16.39. ట్యాంకు 40 లీటర్లు. భద్రతకు ఆరు ఎయిర్‌బ్యాగులు అన్ని మోడళ్లలోనూ ఉన్నాయి. అయితే మూడు తలుపుల జిమ్నీకి 2018లో కార్లను ఢీకొట్టించి పరీక్షించే సంస్థ యూరో ఎన్‌క్యాప్ ఇచ్చింది మూడు స్టార్లే. పిల్లలతో దూరప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్లు ఇది లెక్కలోకి తీసుకోవాలి.

ఈ కారు వద్దనుకుంటే దారులు రెండు. 2022లో వచ్చిన మారుతి గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్‌లో ఐదుగురు కూర్చోవచ్చు, డిక్కీ పెద్దది, 210 మిల్లీమీటర్ల క్లియరెన్సు ఉంది, అవసరమైనప్పుడు వెనక చక్రాలకు శక్తి దానంతటదే వెళ్తుంది. లో గేరు లేదు, నడుం పొడవు. ఊరి డొంకకు, ఇసుక రేవు దాకా వెళ్లడానికి అది చాలు. కాలువలు అడ్డంగా దాటడానికి చాలదు. రెండోది 2024 ఆగస్టులో వచ్చిన మహీంద్రా థార్ రాక్స్. ఐదు సీట్లు, 4428 మిల్లీమీటర్ల పొడవు, చాలినంత డిక్కీ, భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు స్టార్లు. ఫోర్ వీల్ కావాలంటే డీజిల్ మోడలే తీసుకోవాలి, ఖర్చు బాగా పెరుగుతుంది, ఊళ్లోని ఇరుకు సందుల్లో దాని ఒళ్లు తిరగడం కష్టం.

తేల్చుకోవడానికి గత ఏడాది క్యాలెండరు ముందేసుకోవడం మంచిది. ఇంట్లోవాళ్లు ఐదుగురు కలిసి ప్రయాణం చేసిన రోజులెన్ని, బండి దిగబడి ట్రాక్టరు పిలిపించాల్సి వచ్చిన రోజులెన్ని, దిగబడుతుందని భయపడి కారును రోడ్డు మీదే వదిలి నడిచి వెళ్లిన రోజులెన్ని రాసుకోవాలి. మొదటి అంకె పెద్దదైతే జిమ్నీ ఆ ఇంటికి ఏకైక కారు కావడం కుదరదు. ముగ్గురో నలుగురో ఉండి, పొలమో చెరువో కాఫీ తోటో ఉన్న కుటుంబానికి మాత్రం ఈ ధరలో దీనికి సాటి వచ్చే కొత్త కారు చూపించడం కష్టం. రెండో కారుగా అయితే సందేహమే అక్కర్లేదు.

టెస్ట్ డ్రైవ్‌కు వెళ్లేటప్పుడు ఇంట్లో వాడే సూట్‌కేసులు పట్టుకెళ్లాలి, డిక్కీలో పెట్టి తలుపు మూసి చూడాలి. పెద్దవాళ్లను వెనక సీట్లో కూర్చోబెట్టి స్పీడ్ బ్రేకర్ల మీదుగా నడపాలి, డ్రైవరు కూడా ఒకసారి వెనక కూర్చోవాలి. ఏదైనా ఖాళీ మట్టి స్థలంలో ఫోర్ లో వేయించి, యాక్సిలరేటర్ తొక్కకుండా బండి తనంతట తాను పాకడం చూడాలి. పాత బండి కొంటున్నవాళ్లు ఇదే పని ఇంకా పట్టుదలగా చేయాలి. ఊళ్లో తిరిగిన కార్లలో ఆ లీవరును ఒక్కసారి కూడా కదపనివి ఉంటాయి. అది బిగుసుకుందా, మీటరు దగ్గర ఫోర్ వీల్ దీపం వెలిగాక ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయా, ముందు ఇరుసు చివర నూనె చెమ్మ ఉందా అన్నది కిందికి వంగి చూసుకోవాలి. కొన్నాక కూడా నెలకోసారి మట్టిదారిలో ఫోర్ హై వేసి నాలుగైదు కిలోమీటర్లు నడిపితే లోపల నూనె తిరిగి, వానాకాలంలో అవసరం పడిన రోజున లీవరు మాట వింటుంది.